‘చిత్రం’ మాట వెనుక అద్దకం చేతులు

అనేక వర్ణాలు కలిసిన వస్తువును చెప్పడానికి సంస్కృతంలో శబలం, కర్బురం, కిమ్మీరం వంటి మాటలున్నాయి. అమరకోశం వాటి సరసన చేర్చిన ‘చిత్రం’ మన వాడుకలో బాగా నిలిచింది. కాని దాని రంగుల అర్థం నిలవలేదు. ‘చిత్రంగా ఉందే!’ అన్నప్పుడు మనకు ఆశ్చర్యమే తోస్తుంది.

వేదభాషలో ఈ మాటకు ‘ప్రకాశించేది, స్ఫుటంగా కనిపించేది’ అని అర్థం. దాని అర్థాల్లో పలువన్నెలది, బొమ్మ, వింత కూడా చేరాయి. ఏడవ శతాబ్దపు పల్లవరాజు మొదటి మహేంద్రవర్మ మండగపట్టు శాసనంలో ‘విచిత్రచిత్తుడు’. ఇటుక, కొయ్య, లోహం, సున్నం లేకుండా గుడి తొలిపించానన్న గర్వం అందులో ఉంది. ఉలిపట్టినవారి పేర్లు మాత్రం లేవు.

ఇదే మాటకు శ్రామికుల చేతుల్లో మరో చరిత్ర ఉంది. హిందీ ‘ఛీంట్’ దీని నుంచే వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. ఇంగ్లీషు ‘చింట్జ్’ దాని రూపాంతరం. మన ‘చీటీగుడ్డ’ను నేనీ కుటుంబంలోనే చేరుస్తాను. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరాలు పెట్టింది ప్రధానంగా ఈ తీరపు బట్టల కోసమే. గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టాలి. ఇనుము, బెల్లం ఊరబెట్టి నలుపు తీయాలి. పటిక అద్దినచోటే చిరివేరు ఎరుపు పట్టుకుంటుంది. ఎన్నోసార్లు ఉడికించి, పారే నీటిలో ఉతికి, ఎండబెట్టాలి. ‘రంగురంగుల’ అనే ఒక్క విశేషణంలో ఇంత పని దాగి ఉంది.

ఈ బట్టల పోటీకి ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టింది. ఇంగ్లండు 1700లోనూ, 1721లోనూ చట్టాలు చేసింది. ఆ రక్షణలో అక్కడి అద్దకం పరిశ్రమ బలపడింది. తరువాత యంత్రం వచ్చింది. కాలక్రమంలో ఇంగ్లీషులో ‘చింట్జీ’ అంటే చౌకబారు అనే అర్థం స్థిరపడింది. ఒకనాడు సంపన్నులు మోజుపడిన వస్తువు పేరు ఇలా హీనార్థం పొందడాన్ని కేవలం భాషాపరిణామమని సరిపెట్టుకోగలమా? మార్కెట్టును శాసించినవారే మాట విలువను కూడా శాసించారని నా అభిప్రాయం.

మన కవులు ‘చిత్రవర్ణ’మని, ‘పలువన్నెల’ని అలవోకగా రాస్తుంటారు. ఏ రంగులో, ఎవరు అద్దారో చెప్పని విశేషణం పద్యపాదాన్ని నింపుతుందేగాని కన్నును నింపదు. పెడనలో ఇప్పటికీ అచ్చుదిమ్మెతో అద్దకం సాగుతూనే ఉంది. విశేషణం వాడబోయే రచయిత ఆ చేతులకేసి ఒక్కసారి చూడాలి.