రాకాసి గుళ్లను కట్టిందెవరు? గోదావరి లోయ పెద్దరాతి సమాధులూ ప్రత్యామ్నాయ సిద్ధాంతాలూ

1868లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ కార్యకలాపాల సంపుటిలో ముల్హెరాన్ అనే ఒకాయన ఒక చిన్న సమాచారం అచ్చువేయించాడు. నిజాం రాజ్యంలో, గోదావరి పక్క అడవుల్లో, కాటాపూర్, మల్లూరు ఊళ్ల చుట్టూ రాతి పలకలు నిలబెట్టి పైన బండ మూసిన సమాధులున్నాయనీ, వాటి మధ్య ఒంటిరాయిలో చెక్కిన శిలువలు నిలబడి ఉన్నాయనీ దాని సారం. నాలుగేళ్లకు జేమ్స్ ఫెర్గుసన్ ప్రపంచ దేశాల మొరటురాతి కట్టడాల మీద పెద్ద గ్రంథం వెలువరించి, అందులో ఆ శిలువల బొమ్మ వేయించాడు. శిలువ కనబడింది కాబట్టి వాటిని నిలిపినవాళ్లు క్రైస్తవులేనన్నాడు. పక్కనున్న సమాధులూ క్రైస్తవం ఈ దేశానికి వచ్చాక కట్టినవే కావాలన్నాడు. ఆ లెక్కన కాటాపూర్ అడవిలో ఎవరికీ తెలియకుండా మాయమైపోయిన ఒక క్రైస్తవ సమాజం ఉండి ఉండాలి.

కాటాపూర్ ఇప్పుడు ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఉంది. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్లు ముక్కలైనప్పుడు జనగామ, మహబూబాబాదులతో పాటు పుట్టిన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఈ అడవి భాగమైంది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరుపడింది. ఈ వ్యాసం పరిధి ఈ నాలుగు జిల్లాలూ, వాటిని ఆనుకున్న అడవీ. అంతరించిపోయిన నాగరికతలు, మహాకాయులు, అన్యగ్రహవాసులు, మునిగిపోయిన ఖండాలు అంటూ నడిచే సిద్ధాంతాలకు ఈ నేల ఒక్కటే కావలసినన్ని ఉదాహరణలిస్తుంది. వాటిలో మొట్టమొదట అచ్చయినది లండన్ పండితుడిది కావడం గమనించాలి. ఊరివాళ్ల నోట పుట్టింది కాదు.

ఫెర్గుసన్ అల్లాటప్పా మనిషి కాడు. కలకత్తాలో నీలిమందు వ్యాపారం చేసి, సంపాదించిన డబ్బుతో దేశమంతా తిరిగి, భారతీయ వాస్తు చరిత్రకు పునాది వేసినవాడు. ఒక ఆకారం రెండుచోట్ల కనిపిస్తే ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టిందనుకోవడం ఆయన పద్ధతి. గుళ్ల శిఖరాల విషయంలో బాగా పనిచేసిన ఆ పద్ధతి ఇక్కడ బోర్లాపడింది. నిలువురాయికి రెండు వైపులా చేతులు పెడితే అది శిలువ అయినా కావచ్చు, మనిషైనా కావచ్చు. గోదావరి లోయలోని ఈ రాళ్లు మనిషి బొమ్మలే. దొంగతోగు, తొట్టిగుట్ట ప్రాంతాల రాళ్లను పరిశీలించిన హైదరాబాదు విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రవేత్త కె.పి. రావు వీటిని మానవాకార శిల్పాలుగానే వర్ణించారు. కొన్నిటికి తల, భుజాలు స్పష్టం, కొన్నిటికి రొమ్ములు చెక్కి ఉన్నాయి. రొమ్ములున్న శిలువను ఏ చర్చీ నిలబెట్టదు.

1877లో భూగర్భ సర్వే ఉద్యోగి విలియం కింగ్ మంగపేట దగ్గరి శ్మశానం గురించి అదే సొసైటీ పత్రికలో రాశాడు. ఇల్లెందు ప్రాంతపు బొగ్గును గుర్తించింది కూడా ఈ కింగే. ఆయన శీర్షికలోనే ఆ స్థలాన్ని చరిత్రపూర్వ యుగపు శ్మశానం అన్నాడు. రాయి ఎక్కడిది, ఎలా చీలింది, ఎట్లా తెచ్చారు అని చూసే అలవాటున్న మనిషికి ఆకారం కంటే పదార్థం ముందు కనిపిస్తుంది. నా వాదనకు మూలం కూడా పదార్థమే.

జనగామ, మహబూబాబాదు జిల్లాల నేల చాలావరకు గ్రానైటు. ఇక్కడి పెద్దరాతి సమాధులు ఎక్కువగా గుండ్రంగా పేర్చిన బండల వలయాలు, మధ్యలో రాళ్లకుప్ప, దాని కింద గుంత లేదా పలకల పెట్టె. జనగామ నుంచి హైదరాబాదు పోయే రైలు దారిలో వచ్చే రాయగిరిలో ఇ.హెచ్. హంట్ తవ్వి, 1924లో ప్రచురించిన సమాధులు ఈ కోవలోవే. తూర్పున గోదావరి వైపు పోతే నేల మారుతుంది. అక్కడిది ఇసుకరాయి, పొరలు పొరలుగా ఊడివచ్చే రాయి. అక్కడే దామరవాయి, మల్లూరు, జానంపేట డోల్మెన్లు కనిపిస్తాయి. వెడల్పాటి పలకలు నాలుగు నిలబెట్టి, పైన ఒక బండ కప్పి, లోపల ఒకే రాయిలో తొలిచిన తొట్టి పెట్టారు. కర్మకాండ ఒకే రకానిది, వస్తువులూ దాదాపు ఒకటే: నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు. మారింది కట్టడం రూపం, అదీ కాళ్ల కింది రాయిని బట్టి. ఎక్కడి నుంచో వచ్చిన మహా నాగరికత ఒక నమూనా పట్టుకొచ్చి అంతటా అదే కట్టిస్తే రూపం రాయికి ఇంతగా లొంగేది కాదు. దొరికిన రాయితో తమవాళ్లను పూడ్చుకున్న స్థానికుల పని ఇది.

జనం వీటిని రాకాసి గుళ్లంటారు, రాక్షస గూళ్లంటారు, కొన్ని చోట్ల పాండవుల ఇళ్లంటారు. ఈ పేర్లను మూఢనమ్మకమని కొట్టేయడం తేలిక. కానీ ఊరివాడు ఆ బండను చూసి అడిగిన ప్రశ్న మహా సూటిది: ఇంత బరువు ఎవరు ఎత్తారు? ఈ ప్రశ్నే ఎరిక్ ఫాన్ దానికెన్ 1968 నాటి పుస్తకంలోనూ, గ్రాహం హాన్‌కాక్ 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో చేసిన ధారావాహికలోనూ తిరుగుతుంది. తేడా ఏమంటే, ఊరివాడు రాక్షసుడి పేరు చెప్పి ఊరుకుంటాడు. ఆ కథకు శాస్త్రం ముసుగు వేయడు.

బరువు సంగతికి వస్తే, 2017లో సిద్దిపేట జిల్లా నంగునూరు మండలం నర్మెట్టలో (జనగామ జిల్లాలో ఇంకో నర్మెట్ట ఉంది, అది వేరు) పురావస్తు శాఖ తవ్వినప్పుడు పైకప్పు బండ 40 టన్నులకు పైబడి తూగింది. దాన్ని క్రేన్లతో తీయాల్సి వచ్చింది. ‘మనకే క్రేన్ కావలసి వస్తే వాళ్లకు ఏ శక్తి ఉండాలి’ అనే మాట వెంటనే పుట్టుకొచ్చింది. ఇందులో మెలిక ఉంది. తవ్వకందార్లకు బండ పగలకుండా, కిందున్నది చెదరకుండా, కొద్దిమందితో, కొద్ది సమయంలో లేపాలి. కట్టినవాళ్లకు ఆ తొందర లేదు. మట్టి కట్ట పోసి, మోకులు కట్టి, దుంగల మీద లాగి జరపగలిగితే చాలు, గాలిలోకి ఎత్తనక్కర్లేదు. నాగా కొండల్లో వందలాది మంది ఒక రాయిని కొయ్య బండి మీద లాక్కుపోవడం 20వ శతాబ్దంలోనూ మానవశాస్త్రవేత్తలు చూసి రాసిన విషయం. ఎముకల సాక్ష్యం కూడా మహాకాయులకు అనుకూలం కాదు. దక్షిణాది పెద్దరాతి సమాధుల్లో దొరికిన అస్థిపంజరాలు మామూలు మనుషులవే, బాకులూ కొడవళ్లూ మామూలు పిడికిలికి సరిపడేవే.

మనం చూడాల్సిన చోటు గోదావరికి అవతలి ఒడ్డు. బస్తర్ మారియా గోండులు చచ్చిపోయినవాళ్ల పేర నిలువురాళ్లు పాతడం, చిన్న డోల్మెన్లు కట్టడం డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ 1938 నాటి పుస్తకంలో వివరంగా నమోదు చేశాడు. భూపాలపల్లి నుంచి ఆ ఊళ్లు చాలా దూరమేమీ కాదు, నడుమ నదీ అడవీ అంతే. పెద్దరాతి ఆచారం ఇంకా చావని మనుషులు పక్కనే ఉండగా, కట్టినవాళ్ల కోసం రోమునూ అట్లాంటిస్‌నూ వెతకడం నాకు విడ్డూరంగా తోస్తుంది. దీనికో కారణం కనిపిస్తుంది. అడవిలో బతికే గిరిజనుడి తాతలకు ఈ పని సాధ్యమని ఒప్పుకోవడానికి 19వ శతాబ్దపు పండితుడూ, నేటి వీడియో వ్యాఖ్యాతా ఇద్దరూ సిద్ధంగా లేరు.

అలాగని ఈ డోల్మెన్లు నేరుగా ఇక్కడి కోయ గిరిజనుల పూర్వీకులవేనని తీర్మానించే తొందర కూడా పనికిరాదు. ఆ దారిలో నడిచి దెబ్బతిన్నవాడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్. ఆదిలాబాద్ గోండుల మధ్య ఏళ్లతరబడి పనిచేసిన ఈ పండితుడు, క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ల ముందు మాత్రమే ద్రావిడ భాషలు ఇనుముతో, పెద్దరాతి సమాధులతో కలిసి దక్షిణాదికి వచ్చాయని వాదించాడు. ఈ సిద్ధాంతం ఒకప్పుడు గట్టిగా వినబడింది. ఇప్పుడు నిలవడం లేదు. 2018లో ప్రచురితమైన గణన పద్ధతి అధ్యయనం ద్రావిడ భాషా కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్లని చూపింది. ఇనుము కాలం కూడా వెనక్కి జరుగుతూనే ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని పెద్దరాతి స్థలంలో ఇనుము క్రీ.పూ. 2200 ప్రాంతందని కె.పి. రావు బృందం ప్రతిపాదించింది. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం ఇంకా ముందు కాలాన్ని ప్రకటించింది. ఈ తేదీల మీద వాదం నడుస్తోంది, నడవాలి కూడా. ఒక సిద్ధాంతం ప్రత్యామ్నాయం కావడం తప్పు కాదు. తేదీ మారినప్పుడు తానూ మారనని మొండికెత్తడమే దాని జబ్బు.

మునిగిపోయిన ఖండం కథ చూద్దాం, ఎందుకంటే అందులో ఈ నేలకు నేరుగా వాటా ఉంది. 1864లో ఫిలిప్ స్లేటర్ మడగాస్కర్‌లోనూ భారతదేశంలోనూ ఒకే రకం లీమర్ జాతి జంతువుల ఆనవాళ్లున్నాయని, నడుమ ఒక భూమి మునిగి ఉండాలని ఊహించి దానికి లెమూరియా అని పేరుపెట్టాడు. ఎర్నెస్ట్ హెకెల్ మనిషి పుట్టిల్లు అక్కడే అన్నాడు. 1888లో బ్లావట్‌స్కీ దాన్ని దివ్యజ్ఞానంలో కలిపేసింది. తమిళనాట అది కుమరి కండంగా మారి ఇప్పటికీ బతికి ఉంది. అదే కాలంలో భూగర్భ శాస్త్రవేత్తలు మధ్య భారతపు గోండు నేలల్లోని శిలాశ్రేణికి గోండ్వానా అని పేరు పెట్టారు, ఎడ్వర్డ్ స్యూస్ దాన్ని ఒక మహాఖండానికి తగిలించాడు. భూపాలపల్లిలో సింగరేణి తవ్వుతున్న బొగ్గు ఆ శ్రేణిదే. ఆ శ్రేణిలో కనిపించే గ్లాసోప్టెరిస్ అనే మొక్క ఆకుల శిలాజాలు ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా పొరల్లోనూ దొరికాయి. ఖండాలు మునగలేదు, కదిలాయని 1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ అంటే చాలామంది నవ్వారు. తర్వాత నిజమైంది. లెమూరియాకు ఆ అదృష్టం పట్టలేదు. హిందూ మహాసముద్రం అడుగున అంత పెద్ద మునిగిన ఖండం లేదు. గోండ్వానా ఉంది గానీ అందులో మనిషి లేడు. మన బొగ్గు పొరలు 25 కోట్ల ఏళ్ల పైబడినవి. ఆ ఖండం సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట విడిపోవడం మొదలుపెట్టింది. మన జాతి తొలి ఎముకలుగా గుర్తించినవి మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికాయి, వాటి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు.

మనిషి మూలం ఆసియాలోనే ఉండవచ్చన్న వాదన ఒకప్పుడు గంభీరమైన శాస్త్రమే. శివాలిక్ కొండల్లో దొరికిన దవడ ముక్కలకు 1934లో రామపిథెకస్ అని పేరుపెట్టి, 1960లలో మనిషి తొలి పూర్వీకుల వరుసలో నిలబెట్టారు. 1980ల మొదట్లో మంచి శిలాజాలు దొరికాక అది ఒరాంగుటాన్ బంధువని తేలింది, ప్రతిపాదకులే వెనక్కి తగ్గారు. తెలుగునాట దీటైన సాక్ష్యం నంద్యాల జిల్లా జ్వాలాపురం. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన తోబా అగ్నిపర్వతపు బూడిద అక్కడి పొలాల కింద మందంగా పరుచుకుని ఉంది, దాని పైనా కిందా రాతి పనిముట్లున్నాయి. రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో దీన్ని ప్రచురించింది. ఆ పనిముట్లు చేసింది ఆధునిక మానవుడేనా అన్నది ఇంకా చర్చే.

పాండవుల గుట్టల సంగతి ఇంకో రకం. భూపాలపల్లి జిల్లా రేగొండ వైపున్న ఈ ఇసుకరాతి గుట్టల్లో రాతిచిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింక, పులి, చిరుత, విల్లంబులు పట్టిన మనుషులు, వీటితో పాటు కత్తులూ బల్లేలూ స్వస్తికాలూ ఉన్నాయి. వీటికి లక్షల ఏళ్ల వయసు అంటగట్టేవాళ్లు ఒకవైపు, వనవాసంలో పాండవులు గీసినవనేవాళ్లు ఇంకోవైపు. గోడ మీదే జవాబుంది. కత్తి పట్టిన బొమ్మ లోహం తెలిసినవాడి చేతిది. వేట బొమ్మ దానికంటే పాతది కావచ్చు. ఆ గోడ తరతరాలు వాడుకున్నది, ఒక్క తేదీ పెడితే అది గోడకు అన్యాయమే. ఏ రంగు మీద ఏ రంగు పడిందో ఓపికగా నమోదు చేస్తే ఈ వరుస కొంతవరకు తేలుతుంది. ఆ పనికంటే పాండవుల పేర పర్యాటక బోర్డు రాయించడం చవక.

ఇక నష్టం గురించి. నిధి ఉందని వలయం మధ్య గుంత తవ్వేవాడూ, మొరం కోసం మట్టి గుట్టను లారీలకెత్తేవాడూ, చెలక చదును చేస్తూ బండలను గట్టుకు దొర్లించే రైతూ ఒకే కాలంలో పనిచేస్తున్నారు. పోగొట్టుకున్న నాగరికత గురించిన వీడియోలు మొదటివాడికే ఎక్కువ ఉత్సాహమిస్తాయి. కింద బంగారం ఉందని అతనికి నమ్మకం. ఉండేది కుండపెంకులూ తుప్పుపట్టిన ఇనుమూ. చెదిరాక ఆ పెంకు ఏ లోతులో, దేని పక్కన దొరికిందో ఎవరూ చెప్పలేరు.

ఈ నాలుగు జిల్లాల్లో ఇకముందు చేయవలసిన పని చాలావరకు ఇనుము చుట్టూ ఉంది. మహబూబాబాదు జిల్లా బయ్యారం ఇనుప ఖనిజానికి పేరు మోసింది. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన చెరువు శాసనం కాకతీయుల వంశావళిని చెప్పేదీ అక్కడే. సమాధుల్లోని కత్తుల లోహంలో చిక్కుకున్న చిట్టెపు రేణువుల రసాయన కూర్పును బయ్యారం ఖనిజంతో పోల్చితే, జనగామ వలయాల్లోని ఇనుము అక్కడిదో కాదో చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. డోల్మెన్ పలకల పాదుల కింది మట్టి చివరిసారి వెలుతురు చూసిన కాలాన్ని కాంతిప్రేరిత దీప్తి పద్ధతితో లెక్కకట్టవచ్చు. ఎముక కరిగిపోయిన చోట కూడా ఇది పనిచేస్తుంది. ఒక్క దామరవాయిలోనే పదిచోట్ల ఇలా నమూనాలు తీస్తే ఆ శ్మశానం ఒక తరానిదో, వెయ్యేళ్ల పాటు వాడినదో బయటపడుతుంది. దానికి కావలసినవి అటవీ శాఖ అనుమతి, చీకట్లో నమూనా తీయడం తెలిసిన ఇద్దరు మనుషులు, దారి చూపే కోయ గూడెం పెద్దలు.