ఒతారు నుంచి ఉభయ కుశలోపరి

మంచులో వెల్లకిలా పడుకుని, ఊపిరి బిగబట్టిన అమ్మాయి ముఖంతో ఆ సినిమా మొదలవుతుంది. కాసేపటికి లేచి, ఒంటికి అంటిన మంచు దులుపుకుని, కొండ దిగువకు నడుస్తుంది. ఆమె నల్లటి చుక్కంత అయ్యేదాకా కెమెరా చూస్తూనే ఉంటుంది. పేరు హిరోకో వతనబె, ఊరు కోబె. పెళ్లాడవలసిన ఇత్సుకి ఫుజీ కొండలెక్కుతూ ప్రమాదంలో పోయి రెండేళ్లయింది. సంస్మరణ ముగిశాక అతని తల్లి ఇంట్లో పాత స్కూలు ఆల్బం తిరగేస్తుంటే వెనక పేజీల్లో అతని చిన్ననాటి చిరునామా కనిపిస్తుంది. హిరోకో కాగితం కోసం వెతకదు. పెన్నుతో తన చేతి మీదే రాసుకుంటుంది. ఆ ఇల్లు ఎప్పుడో పడగొట్టారని, దాని మీదుగా హైవే వేశారని తల్లి ముందే చెప్పింది. అయినా లేని ఇంటికి, లేని మనిషికి ఉత్తరం రాసి పోస్టు చేస్తుంది.

జవాబు వస్తుంది.

ఒకప్పుడు తెలుగిళ్లలో ఇన్లాండ్ కవరు విప్పగానే కనబడే మాట 'ఉభయ కుశలోపరి'. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము. హిరోకో ఉత్తరంలో ఉన్నదీ అంతే. బాగున్నావా అని ఒక మాట, నేను బాగున్నానని ఇంకో మాట. సినిమా చివర తెల్లవారుజామున, అతన్ని పొట్టన పెట్టుకున్న కొండకు ఎదురుగా మంచులో నిలబడి ఆ రెండు మాటలే గొంతు చించుకుని అరుస్తుంది: 'ఒగెంకి దెస్ కా?' జపనీస్ ముక్క రాని కొరియన్లకు కూడా ఈ ఒక్క పలకరింపు నోటికి వచ్చు. జపాన్ సినిమాను ఒకప్పుడు థియేటర్ గడప తొక్కనివ్వని దేశంలో అది ఇంటింటి మాట అయింది.

షుంజి ఇవాయి తీసిన 'లవ్ లెటర్' జపాన్‌లో 1995 మార్చిలో విడుదలైంది. దానికి రెండు నెలల ముందు, జనవరి 17న, హిరోకో ఊరైన కోబెలో భూకంపం వచ్చి 6 వేల మందికి పైగా చనిపోయారు. చావు తర్వాత మిగిలినవాళ్లు ఎలా బతకాలన్న కథ అలాంటి సమయంలో జనం ముందుకు వచ్చింది. ఇవాయి అప్పటికి టీవీ నాటకాలు, మ్యూజిక్ వీడియోలు తీసిన యువకుడు. ఛాయాగ్రాహకుడు నొబోరు షినొదా వెలుతురును కిటికీల్లోంచి పాలలా పారించాడు. హిరోకోగా వేసిన మిహో నకయామాయే, హొక్కైదో దీవిలోని ఒతారు పట్టణం నుంచి జవాబు రాసిన అమ్మాయిగానూ వేసింది. ఆ అమ్మాయి పేరు కూడా ఇత్సుకి ఫుజీయే. చనిపోయిన కుర్రాడి క్లాసులోనే చదివింది. ఒకే పేరున్నందుకు ఇద్దరూ బడిలో పడ్డ ఏడిపింపులన్నీ ఉత్తరాల్లో ఒక్కొక్కటిగా బయటికొస్తాయి.

ఈ సినిమాలో అసలు ప్రాణం స్కూలు లైబ్రరీలో ఉంది. ఆ కుర్రాడు ఎవరూ ముట్టని పుస్తకాలు వెతికి తీసుకునేవాడు. వెనక జేబులోని కార్డు మీద మొదటి పేరు తనదే ఉండాలని సరదా. కార్డు తర్వాత కార్డు మీద 'ఇత్సుకి ఫుజీ' అని రాసుకుపోతాడు. రాసింది తన పేరా, ఆ అమ్మాయి పేరా? ఏళ్ల తర్వాత స్కూలు పిల్లలు ప్రూస్ట్ నవల సంపుటం ఒకటి పట్టుకుని ఆమె ఇంటికి వస్తారు. కార్డు వెనక్కి తిప్పి చూడమంటారు. అక్కడ పెన్సిల్‌తో గీసిన తన బొమ్మే ఉంటుంది. ఆమె ఏడవదు. కార్డును ఏప్రన్ జేబులో పెట్టుకోవాలని చూస్తుంది, ఆ ఏప్రన్‌కు జేబు లేదు. ప్రేమించానన్న మాట ఒక్కసారైనా పలకని ప్రేమకథకు అంతకన్నా మంచి ముగింపు దొరకదు.

ఈ సినిమా కొరియాకు చేరడానికి నాలుగేళ్లకు పైగా పట్టింది. దూరం వల్ల కాదు. 1910 నుంచి 1945 వరకు జపాన్ ఏలుబడిలో కొరియా తన భాషను, చివరికి తన పేర్లను కూడా పోగొట్టుకోవలసి వచ్చింది. బడుల్లోంచి కొరియన్ భాషను తప్పించారు, ఇంటి పేర్లు జపాన్ పద్ధతిలో మార్చుకోమన్నారు. ఆ గాయం మానకముందే మళ్లీ జపాన్ పాటలు, సినిమాలు తలుపు తోసుకుని వస్తే తమ సంస్కృతి నిలబడదన్న భయంతో విముక్తి తర్వాత దక్షిణ కొరియా వాటిని దశాబ్దాల పాటు బయటే నిలబెట్టింది. ఆ భయాన్ని తక్కువ చేసి చూడకూడదు. అది అనుభవించినవాళ్ల భయం.

కానీ యువత ఆగలేదు. సోల్ విశ్వవిద్యాలయాల్లో 'లవ్ లెటర్' దొంగ క్యాసెట్లు చేతులు మారాయి. కాపీకి కాపీ తీసిన వీడియోలో మంచు ఏ రంగులో కనబడిందో ఊహించవచ్చు. 1998 అక్టోబరులో అధ్యక్షుడు కిమ్ దే-జుంగ్ తోక్యో వెళ్లి ప్రధాని కెయిజో ఒబుచితో కలిసి ఉమ్మడి ప్రకటన చేశారు. అదే నెలలో జపాన్ సంస్కృతికి తలుపులు కొద్దికొద్దిగా తెరవడం మొదలైంది. తొలి విడతలో పెద్ద అంతర్జాతీయ పురస్కారాలు గెలిచిన సినిమాలకే అనుమతి. అలా తకేషి కితానో 'హన-బి' ముందు వచ్చింది. 1999లో రెండో విడత సడలింపు వచ్చాక, ఆ నవంబరులో 'లవ్ లెటర్' కొరియా థియేటర్లలో పడింది. దొంగచాటుగా చూసేసినవాళ్లు కూడా టికెట్లు కొన్నారు. ప్రేక్షకుల సంఖ్య 10 లక్షలు దాటింది. ఒతారు వీధుల్లో కొరియన్ యాత్రికుల నడక అప్పటి నుంచే మొదలైంది.

తలుపు తెరుచుకుంటున్న ఆ 1998లోనే కొరియా తనదైన ఉత్తరం ఒకటి రాసుకుంది. దాని పేరు 'క్రిస్మస్ ఇన్ ఆగస్ట్'. దర్శకుడు హుర్ జిన్-హోకు అది మొదటి సినిమా. 1996లో చనిపోయిన గాయకుడు కిమ్ క్వాంగ్-సోక్ అంత్యక్రియల్లో పెట్టిన ఫొటోలో ఆయన నవ్వుతూ ఉండడమే ఈ కథకు బీజమని హుర్ చెప్పుకున్నారు. చిన్న ఊళ్లో ఫొటో స్టూడియో నడుపుకునే జోంగ్-వోన్‌కు రోజులు దగ్గరపడ్డాయి. పార్కింగ్ తప్పు చేసిన కార్ల ఫొటోలు కడిగించుకోవడానికి దరిమ్ అనే ట్రాఫిక్ ఉద్యోగిని రోజూ వస్తుంది. ఐస్‌క్రీమ్, ఒకే గొడుగు కింద నడక, స్కూటర్ మీద ఒక షికారు. ఇద్దరి మధ్య జరిగింది ఇంతే.

ఈ సినిమాలో ఏడిపించే ఘట్టం ప్రేమికుల మధ్య రాదు. ముసలి తండ్రికి టీవీ రిమోట్, వీసీఆర్ వాడడం రాదు. కొడుకు నేర్పుతాడు. ఇది నొక్కు, తర్వాత అది నొక్కు. తండ్రికి అర్థం కాదు. మళ్లీ చెబుతాడు. మళ్లీ అర్థం కాదు. కొడుకు విసుక్కుని లేచి వెళ్లిపోతాడు. తర్వాత ఒక్కో మీటా ఏ వరుసలో నొక్కాలో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిపెడతాడు. తాను పోయాక ఆ ఇంట్లో ఆ పని చేసిపెట్టేవాళ్లు ఉండరని తండ్రికి చెప్పకుండా చెప్పడం అది. ఇంకోరోజు కుటుంబంతో వచ్చి ఫొటో దిగిన ముసలావిడ సాయంత్రం ఒక్కతే మంచి బట్టలు కట్టుకుని తిరిగొస్తుంది. తన అంత్యక్రియల్లో పెట్టే ఫొటో కాబట్టి అందంగా తీయమని అడుగుతుంది. చివర్లో అదే స్టూల్ మీద జోంగ్-వోన్ కూర్చుంటాడు. కెమెరా వైపు చూసి చిన్నగా నవ్వుతాడు. ఆ నవ్వే నల్ల ఫ్రేములోకి మారిపోతుంది.

హాన్ సుక్-క్యు, షిమ్ ఉన్-హా ఇద్దరూ ఎక్కడా గొంతు పెంచరు. చిత్రీకరించిన యూ యంగ్-గిల్ సినిమా విడుదల చూడకుండానే కన్నుమూశారు. ఇందులోనూ ఉత్తరాలు రెండున్నాయి. దరిమ్ రాసింది మూసిన స్టూడియో తలుపు సందులోంచి లోపలికి పోతుంది. జోంగ్-వోన్ రాసిన జవాబు పోస్టు కాకుండానే పెట్టెలో ఉండిపోతుంది.

సినిమా తీసిన ఊరు గున్సాన్. 1899లో తెరిచిన ఈ ఓడరేవు నుంచే, వలస పాలనలో, హోనాం మైదానాల్లో పండిన వడ్లు జపాన్‌కు తరలిపోయాయి. రైతు పస్తులుండగా పంట ఓడెక్కిన రేవు అది. జపాన్ పద్ధతి చెక్క ఇళ్లు, జపానీయులు కట్టుకున్న బౌద్ధాలయం ఇప్పటికీ అక్కడున్నాయి. ఆ వీధుల మధ్యే సినిమా కోసం వేసిన 'చోవోన్ ఫొటో స్టూడియో'ను తర్వాత మళ్లీ నిలబెట్టారు. జనం వచ్చి గాజు తలుపు ముందు ఫొటోలు దిగుతారు. దోపిడీ గుర్తులున్న ఊరికి ఒక ప్రేమకథ రెండో జ్ఞాపకాన్ని ఇచ్చింది. మొదటిదాన్ని చెరపలేదు, చెరపనూ కూడదు. 2005లో జపాన్ ఈ సినిమాను తన భాషలో మళ్లీ తీసుకుంది.

తలుపు తెరుచుకున్నప్పటి నుంచి రెండు తీరాల మధ్య కథల రాకపోకలు ఆగలేదు. 2001లో జపాన్ టీవీలో వచ్చిన 'ప్యూర్ సోల్' నాటకం కొరియాలో 2004లో 'ఎ మొమెంట్ టు రిమెంబర్' అయింది. కొరియన్ పేరుకు అర్థం 'నా తలలో రబ్బరు' అని, అంటే రాసింది చెరిపే రబ్బరు. ఇరవైల్లోనే అల్జీమర్స్ బారినపడ్డ భార్యగా సోన్ యే-జిన్, ఆమె జ్ఞాపకాలను ఇంటి నిండా అంటించే భర్తగా జోంగ్ వూ-సోంగ్ నటించారు. తన కథే తిరిగొస్తే జపాన్ ఎంతగా కన్నీరు పెట్టుకుందంటే, అక్కడ 2005లో సుమారు 300 కోట్ల యెన్లు వసూలు చేసింది. కొరియన్ సినిమాల్లో ఆ రికార్డును 2020లో 'పారసైట్' వచ్చేదాకా ఏదీ దాటలేదు. 'వింటర్ సొనాటా' సీరియల్‌ను ఎన్‌హెచ్‌కే 2003లో ప్రసారం చేశాక హీరో బే యోంగ్-జూన్‌ను జపాన్ మహిళలు 'యోన్-సామా' అని గౌరవ పదం చేర్చి పిలిచారు. ఒకనాడు తమ పాలకులు చిన్నచూపు చూసిన జాతివాడికి వాళ్లు మనసారా ఇచ్చిన మర్యాద అది.

ఎదురు దిశలోనూ అంతే. చనిపోయిన భార్య వానాకాలంలో తిరిగొచ్చే జపాన్ సినిమా 'బి విత్ యు' (2004) కొరియాలో 2018లో మళ్లీ పుట్టింది. నడవలేని అమ్మాయిని నాయనమ్మ పసిపిల్లల బండిలో తోసుకెళ్లే 'జోసే, ద టైగర్ అండ్ ద ఫిష్' (2003) కొరియాలో 2020లో వచ్చింది. రెంటిలో ఒకటే చూడగలిగితే జపాన్ 'జోసే'నే చూడాలి. ప్రేమించిన అబ్బాయి విడిపోయి రోడ్డు మీద భోరుమనడం, ఆమె తన వంటింట్లో ఒంటరిగా చేప వేయించుకోవడం, ఈ రెండింటినీ ఏ మాటా లేకుండా పక్కపక్కన పెట్టిన ధైర్యం కొత్తదానిలో లేదు. ఈ కథల ప్రయాణంలో తెలుగుకూ ఒక మజిలీ దక్కింది. ముసలావిడ పడుచుపిల్లగా మారే కొరియన్ 'మిస్ గ్రానీ' (2014) జపాన్‌లో 2016లో, తెలుగులో నందినీ రెడ్డి దర్శకత్వంలో సమంత 'ఓ బేబీ'గా 2019లో వచ్చింది.

హుర్ జిన్-హో రెండో సినిమా 'వన్ ఫైన్ స్ప్రింగ్ డే' (2001)కు కొరియాతో పాటు జపాన్, హాంకాంగ్ సంస్థలు పెట్టుబడి పెట్టాయి. నాయకుడు శబ్దాలు పట్టే పనివాడు. రేడియో నిర్వాహకురాలితో కలిసి వెదురుతోపులో మైకు పట్టుకుని నిలబడి, గాలికి ఆకులు రాసుకునే చప్పుడు వింటాడు. ప్రేమ చెదిరాక అతనికి మిగిలేవి ఆ టేపులే. కొత్తగా ఈ సినిమాల్లోకి అడుగుపెట్టేవాళ్లు 'లవ్ లెటర్', 'క్రిస్మస్ ఇన్ ఆగస్ట్' తర్వాత మూడోదిగా దీన్ని చూడాలి, వీలైతే మంచి ఇయర్‌ఫోన్లతో.

సినిమాలు ఎంత ఏడిపించినా ప్రభుత్వాల మధ్య లెక్కలు తేలలేదు. 2019 జులైలో జపాన్ కొరియాకు చేసే ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. కొరియాలో జపాన్ వస్తువుల బహిష్కరణ ఊరూరా సాగింది. జపాన్‌కు వెళ్లే విమానాలు ఖాళీ అయ్యాయి. సరిగ్గా ఆ నవంబరులో, ఎక్కువ భాగం ఒతారు మంచులో నడిచే కొరియన్ సినిమా ఒకటి విడుదలైంది. దర్శకుడు లిమ్ దే-హ్యుంగ్. ఇంగ్లిషులో 'మూన్‌లిట్ వింటర్', కొరియన్ పేరు ఉత్తరం మొదట్లో రాసే పిలుపు: 'యున్‌హీకి'.

ఒతారులో పశువైద్యురాలైన జున్ ఎన్నేళ్లుగానో ఉత్తరాలు రాసి పోస్టు చేయకుండా దాచుకుంటుంది. ఇంట్లో ఉండే మేనత్త మసాకో బల్ల మీది ఉత్తరం చూసి, ఎవరికీ చెప్పకుండా డబ్బాలో వేసేస్తుంది. అది కొరియాలో యున్‌హీ ఇంటికి చేరుతుంది. విప్పి చదివింది ఆమె కూతురు. అమ్మ యవ్వనంలో ప్రేమించింది ఒక అమ్మాయినని, లోకం ఆ ఇద్దరినీ విడదీసిందని పిల్లకు అప్పుడు తెలుస్తుంది. తల్లిని ఏమీ అడగదు, నిలదీయదు. ఎక్కడికైనా మంచు చూడ్డానికి వెళ్దామని మారాం చేసి ఒతారుకు తీసుకెళుతుంది. 'లవ్ లెటర్' చూసినవాళ్లకు ఆ వాలు వీధులు, నడుం లోతు మంచు గుట్టలు వెంటనే గుర్తొస్తాయి. తేడా ఒకటే. అక్కడ ఉత్తరం అందవలసినవాడు చనిపోయాడు, ఇక్కడ ఇద్దరూ బతికే ఉన్నారు.

2024 డిసెంబరు 6న, హిరోకోగా వేసిన మిహో నకయామా 54 ఏళ్ల వయసులో చనిపోయింది. నెల తిరగకుండానే, 2025 జనవరి 1న, 'లవ్ లెటర్' కొరియా థియేటర్లలో మళ్లీ విడుదలైంది. కొండకు ఎదురుగా నిలబడి ఆమె అడిగిన కుశలం మరోసారి పెద్ద తెర మీద వినిపించింది.

'మూన్‌లిట్ వింటర్' చివర్లో యున్‌హీ, జున్ ఒతారు కాలువ పక్కన రాత్రివేళ ఎదురుపడతారు. ఒకరినొకరు గుర్తుపట్టడానికి క్షణం పట్టదు, మాట రావడానికి చాలాసేపు పడుతుంది. పొడి పొడిగా రెండు మాటలు, పక్కపక్కన కొంత నడక, అంతే. కొరియాకు తిరిగొచ్చాక యున్‌హీ ఉత్తరానికి జవాబు రాస్తుంది. ఈసారి అది సముద్రం దాటి తూర్పుకు వెళ్లాలి.