మార్కుల రిజిస్టరు ఎవరిది?

ఈ సావనీరు పనుల్లో ఉండగా కమిటీ మిత్రుడొకరు, "పాత మార్కుల రిజిస్టరులోంచి నాలుగు పేజీలు అచ్చు వేద్దాం, అందరూ సరదాగా చూసుకుంటారు" అన్నారు. ఆ మాటే ఈ వ్యాసానికి కారణం.

మనం చదివే రోజుల్లో మన గురించి బడికి తెలియనిది లేదు. పుట్టిన తేదీ, కులం, తండ్రి వృత్తి, పుట్టుమచ్చలతో సహా అడ్మిషన్ రిజిస్టరులో ఉండేవి. మార్కులు క్లాసులో పైకి చదివేవారు. పదో తరగతి ఫలితాలు నంబర్లతో పేపర్లో పడేవి. నిడుబ్రోలు స్టేషన్లో పేపర్ల కట్ట దిగీ దిగకముందే మన నంబరు వెతికేవాళ్లు ఊళ్లో పదిమంది! నంబరు లేనివాడి ఇంటికి పరామర్శలు మొదలయ్యేవి. అందులో తప్పుందని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

అమెరికాలో 1974లో సెనేటర్ జేమ్స్ బక్లీ చొరవతో 'ఫెర్పా' చట్టం వచ్చింది. పిల్లల రికార్డును తల్లిదండ్రులు చూడవచ్చు, తప్పులుంటే దిద్దమనవచ్చు. వారి అనుమతి లేకుండా బయటివారికి చూపడానికి వీల్లేదు. విద్యార్థికి 18 ఏళ్లు నిండినా, కాలేజీలో చేరినా ఆ హక్కు అతనిదే. అందుకే మనవాళ్లు అక్కడి యూనివర్సిటీకి ఫోన్ చేసి కొడుకు మార్కులు అడిగితే, "మీ అబ్బాయి రాసివ్వాలి" అంటారు. "ఫీజు కట్టేది మేం కదా!" అని మనవాళ్లు నొచ్చుకుంటారు.

పిల్లలు ఒకరి పేపరు ఒకరు దిద్ది మార్కులు పైకి చెప్పడంపై అక్కడ ఒక తల్లి కోర్టుకెక్కింది. టీచరు తన పుస్తకంలోకి ఎక్కించేదాకా ఆ మార్కులు రికార్డు కిందికి రావని 2002లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

మన దేశంలో విద్యార్థి తన జవాబు పత్రాన్ని సమాచార హక్కు కింద చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని అందులో ఉంది.

మన రిజిస్టరు పాత కాగితమే. కానీ అందులో ఎర్రసిరా చుట్టిన పేర్లున్నాయి. వారిలో కొందరు మనవళ్ల చెయ్యి పట్టుకుని ఈ సభకు వస్తారు. అడగకుండా ఆ పేజీ వేయవద్దని నా మనవి. సభ్యుల ఫోన్ నంబర్ల జాబితాకూ ఇదే మాట.

నా సంగతంటారా, లెక్కల్లో 31. అది చెప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.