సస్కాచెవాన్ రైతుల వైద్యనిధి



ఇంట రోగము ప్రవేశించినప్పుడు వైద్యుని పిలుచుటకు ముందు పెట్టె తెరచి రూకలు లెక్కించుకొనవలసిన దుస్థితి ఏ దేశమునందును పేదవానికి క్రొత్తది కాదు. ఒక రాష్ట్రప్రజలు దీనిని తొలగించుటకు ఇంచుమించు అర్ధశతాబ్దము పాటుపడి తుదకు సాధించిరి. ఆ చరిత్రమును నేడు మీకు మనవి చేయదలచితిని. ఆ రాష్ట్రము కెనడా దేశమునందలి సస్కాచెవాన్. నేను బడిపంతులుగా నున్న కాలమున పిల్లలకు రాజుల యుద్ధములును సంధులును బోధించితిని. రైతులును ఊరి లెక్కలు వ్రాయువారును గూడ చరిత్రను నడపుదురనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు దొరకలేదు.

1905లో ఏర్పడిన ఆ రాష్ట్రము గోధుమల సీమ. మైళ్లకొలది పైరు, నడుమ నడుమ నొక్కొక్క యిల్లు, దీర్ఘమైన చలికాలము. అట్టిచోట వైద్యుడు నిలుచుటయే కష్టము. పంట పండిన యేడు అతనికి రుసుము ముట్టును. ఎండిన యేడు ముట్టదు. 1914లో సార్నియా యను గ్రామీణమండలి, ఉన్న యొక్క వైద్యుడును వెడలిపోవునేమోయని భయపడి, పన్నుల సొమ్మునుండి అతనికి 1500 డాలర్లు ఇచ్చి నిలుపుకొనెను. మన పల్లెలలో వడ్రంగికిని కమ్మరికిని చాకలికిని కళ్లమునందే మేర కొలిచి యిచ్చు ఆచారము పెద్దలెరిగినదే. పని పడినను పడకున్నను మేర మేరయే. పని పడిననాడు మరల బేరము లేదు. సార్నియా రైతులు చేసినదియు ఇట్టిదే. 1916లో శాసనసభ ఈ పద్ధతికి చట్టబలము చేకూర్చెను. కొన్ని మండలులు కూడి ఒక ఆసుపత్రి కట్టుకొనుటకును ఆ యేటనే వీలు కలిగెను. 1929లో క్షయరోగులకు రాష్ట్రమంతట ఉచితచికిత్స యేర్పడెను.

పిమ్మట 1930 మొదలుకొని అనావృష్టియు ధరల పతనమును ఒక్కమారుగా విరుచుకొనిపడెను. రైతువద్ద రొక్కము లేదు. వైద్యునికి రాబడి లేదు. అప్పుడు మెకిలప్ మండలికి అధ్యక్షుడైన మాథ్యూ ఆండర్సన్ అను నార్వే దేశస్థుడు, తలకింతయని పన్ను వేసి, ఆ నిధినుండి వైద్యునకును ఆసుపత్రికిని చెల్లింపవచ్చునని ఊరివారిని ఒప్పించెను. 1939లో అందులకును శాసనము వెలువడెను. ఇట్లు రాష్ట్రప్రభుత్వము తాను ముందు నడువలేదు. పల్లెలు నడచిన బాటను చట్టము వెంబడించినది.

1944లో టామీ డగ్లస్ ముఖ్యమంత్రి యయ్యెను. బాల్యమున అతని కాలి యెముకకు రోగము సోకి, కాలు తీసివేయవలసి వచ్చునని వైద్యులు నిశ్చయించిరి. విద్యార్థులు చూచి నేర్చుకొనుట కంగీకరించినయెడల రుసుము లేకుండ శస్త్రచికిత్స చేసెదనని ఒక శస్త్రవైద్యుడు ముందుకు వచ్చుటచే ఆ కాలు దక్కెను. బిడ్డ కాలు అదృష్టముపై నాధారపడరాదని డగ్లస్ అనంతరకాలమున చెప్పుచుండెడివాడు.

అయినను, నా లెక్కకు ఈ కథలో మిక్కిలి స్మరణీయుడు విలియం బురాక్ అను ఒక చిన్న యుద్యోగి. అతడు పిట్విల్ మండలికి కార్యదర్శి, మన కరణమువంటివాడు. స్విఫ్ట్ కరెంట్ పట్టణము చుట్టునున్న మండలులన్నియు కలిసి ఒకే వైద్యనిధిని నెలకొల్పవలెనని తలచి, ఇరుగుపొరుగు మండలులకు జాబులు వ్రాసెను, పత్రికలలో ప్రకటించెను, రేడియోలో మాటలాడెను, సభలు కూర్చెను. ఖర్చు చాలవరకు తనదే. 1945 నవంబరులో ప్రజలు ఓట్లు వేసి అంగీకరించిరి. 1946 జూలై 1వ తేదీనుండి ఆ ప్రాంతమునందలివారికి వైద్యుడును ఆసుపత్రియు ఆ నిధినుండియే లభించెను.

ఆరు మాసములకు, అనగా 1947 జనవరి 1న, రాష్ట్రమంతటికి ఆసుపత్రి పథకము ప్రారంభమయ్యెను. తలకు ఏటికి 5 డాలర్లు. కుటుంబమెంత పెద్దదైనను 30 డాలర్లకు మించదు. మిగిలినది వైద్యుల రుసుము. దానినిగూడ నిధిలో చేర్చెదమని డగ్లస్ 1959లో ప్రకటించి, 1960లో ఆ మాటమీదనే ఎన్నికలలో గెలిచెను. 1961 నవంబరులో శాసనమయ్యెను. అప్పటికి డగ్లస్ దేశరాజకీయములలోనికి వెళ్లగా, వుడ్రో లాయిడ్ ముఖ్యమంత్రి పదవి చేపట్టెను. ఈయన పూర్వాశ్రమమున నావలె బడిపంతులు.

1962 జూలై 1న శాసనము అమలులోనికి వచ్చెను. ఆనాడే వైద్యులలో అధికసంఖ్యాకులు తమ వైద్యశాలలు మూసివేసిరి. వారిని లోభులని తేలికగా నిందింపరాదు. రోగికిని వైద్యునికిని నడుమ ప్రభుత్వము యజమానియై కూర్చుండునని వారు మనసార భయపడిరి. కొన్ని ఆసుపత్రులలో అత్యవసరచికిత్సను నిలిపియుంచిరి. అయినను ఆ మొదటి దినముననే, తలిదండ్రులు వైద్యునికై ఊరూరు తిరుగుచుండగా, ఒక పసిబిడ్డ బండిలోనే ప్రాణములు విడిచెను. ఇరువది మూడు దినములు ఆ రాష్ట్రము రెండుగా చీలెను. వైద్యుల పక్షమున సంఘములు వెలసెను. రెజైనా నగరమున పెద్ద సభ జరిగెను. ప్రభుత్వపక్షమువారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చందాలు వేసికొని, సాస్కటూన్, ప్రిన్స్ ఆల్బర్ట్ పట్టణములలో సహకారవైద్యశాలలు తెరచిరి. ఇంగ్లండునుండి వైద్యులు వచ్చిరి. ఆ దేశమునుండియే వచ్చిన టేలర్ ప్రభువు మధ్యవర్తియై ఇరుపక్షముల నడుమ తిరిగి, జూలై 23న సంధి కుదిర్చెను. నిధి నిలిచెను, వైద్యులు జీతగాండ్రు కానక్కరలేదనియు, స్వతంత్రులుగానే పని చేసి రుసుము నిధినుండి పొందవచ్చుననియు తేలెను.

1964లో డగ్లస్, లాయిడ్‌ల పక్షము ఓడిపోయెను. కాని గెలిచిన ప్రతిపక్షమువారు ఆ పథకమును రద్దుచేయలేదు. ప్రజలు దాని రుచి యెరిగియుండిరి. 1966లో కెనడా ప్రభుత్వము దేశమంతటికి శాసనము గావించెను. 1968లో అది అమలు మొదలై, 1972 నాటికి ఆ దేశమునందలి రాష్ట్రములన్నిటికి వ్యాపించెను.

ఆ యేర్పాటు లోపరహితమని నేననను. బయట కొనుకొను మందులును దంతవైద్యమును ఆ నిధిలో మొదట చేరలేదు. శస్త్రచికిత్సకు నెలలు వేచియుండవలసి వచ్చుచున్నదను ఫిర్యాదు నేటికిని వినవచ్చుచున్నది. కాని వైద్యుని బిల్లు కట్టుటకు పొలమమ్ముకొను భయము తొలగినది. ఇది సామాన్యమైన లాభము కాదు.

పెద్దలారా, ఇందు గమనింపవలసిన విషయ మొకటి కలదు. 1914 నుండి 1962 వరకు నలువది యెనిమిదేండ్లు. ఒక మండలి ఒక వైద్యునితో ఆరంభించినది. మండలులు కలిసి ఆసుపత్రి కట్టినవి. ప్రాంతము నిధి కూర్చినది. తుదకు రాష్ట్రము దానిని స్వీకరించినది. ప్రతి మెట్టునను పన్ను చెల్లించువారే చేయి యెత్తి సమ్మతించిరి. కావుననే గాలివాన వచ్చిననాడు వేళ్లు కదలలేదు. పైనుండి దిగిన వరము పైవారి చిత్తము మారినంతనే పోవును. తామే మేర కొలిచి పెట్టుకొన్నదానిని జనులు కాపాడుకొందురు.