కపేటియన్ వంశంలో వారసత్వం
987లో ఫ్రాన్స్ ప్రభువులు ఎన్నుకున్న రాజు హ్యూ కపెట్. ఎన్నికతో దక్కిన గద్దె ఎన్నికతోనే చేజారవచ్చని, అదే ఏడాది క్రిస్మస్ నాడు కొడుకు రాబర్ట్‌కూ పట్టం కట్టించాడు. ఈ ముందుచూపు ఆచారం 1179లో రెండో ఫిలిప్ పట్టాభిషేకం దాకా సాగింది.

అసలు చిక్కు 1316లో వచ్చింది. పదో లూయీ చనిపోయేనాటికి రాణి క్లెమెన్స్ గర్భవతి. నవంబరులో పుట్టిన మగబిడ్డ మొదటి జాన్ పుట్టుకతోనే రాజయ్యాడు. అయిదు రోజులకే కన్నుమూశాడు. లూయీ మొదటి భార్య కూతురు జీన్‌కు అప్పటికి అయిదేళ్లయినా నిండలేదు. ఆమెను పక్కకు నెట్టి, 1317 జనవరిలో బాబాయి ఫిలిప్ రీమ్స్ నగర ద్వారాలు మూయించి మరీ కిరీటం ధరించాడు. ఆపై పారిస్‌లో కూడిన సభ ఆడవారికి సింహాసనార్హత లేదని తేల్చింది. ఆ పసిదానికి జరిగింది ముమ్మాటికీ అన్యాయమే.

అదే నియమం తర్వాత ఫిలిప్ సొంత కూతుళ్లకూ అడ్డుపడింది.

ఫిలిప్ తర్వాత రాజైన తమ్ముడు నాలుగో చార్లెస్ 1328లో మగసంతానం లేకుండా చనిపోగా గద్దె చిన్నాన్న శాఖకు, వాలోయిస్ ఫిలిప్‌కు దక్కింది. చార్లెస్ మేనల్లుడు, ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ తల్లి తరఫున హక్కు కోరాడు. 1337లో మొదలైన నూరేళ్ల యుద్ధానికి అదొక ముఖ్య కారణం.