ఆగమన కాలపు కానుక

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. పాతబస్తీ సంఘాల్లో కానుక కవర్లు పంచేదీ ఇప్పుడే. అయితే కానుక డిసెంబరులో ఒక్కసారిగా తీర్చే బాకీ కాదు. వారం వారం, వర్ధిల్లిన కొలది తీసిపెట్టమని పౌలు నేర్పాడు (1 కొరింథీ 16:2). ఎసట్లో బియ్యం పోసేముందు మన తల్లులు ప్రభువుకని తీసిన పిడికెడూ అదే పద్ధతి. దోర్నకల్ బిషప్ అజరయ్య క్రైస్తవ కానుకలపై పుస్తకమే రాశారు. ఆయన అధ్యక్ష మండలంలో ఇచ్చినవారు ఎక్కువమంది గ్రామాల బీదలే.

సంఘ పెద్దలకు ఒక మనవి. పండుగ ఆరాధనలో ఎవరెంత ఇచ్చారో పేర్లతో చదవడం మానండి. తన 50 రూపాయలు మైకులో విని, రోజుకూలి చేసుకునే సహోదరి తలదించుకోవడం మేము చూశాం. బీద విధవరాలి రెండు కాసులు యేసు చూశాడు, అది చాలు. చదవవలసింది సంఘపు జమాఖర్చులు. అవి మాత్రం పైసాతో సహా.