తేనెపీక తగవు

జర్మను చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1506లో వెనిస్ నగరమున ఉండగా మేరీమాత చిత్రము నొకదానిని వ్రాసెను. అది ఇప్పుడు బెర్లినులోని చిత్రశాలలో ఉన్నది. తల్లి ఒడిలో బాలయేసు కూర్చుండియుండును. అతని చేతిపై చిన్న పిట్ట వ్రాలియుండును. చిత్రమునకు పేరు కూడ ఆ పిట్టనుబట్టియే వచ్చినది గనుక చూచువారి దృష్టి అంతయు దానిమీదికే పోవును. కాని ఆ శిశువు రెండవ చేతిలో మరియొక వస్తువున్నది. అది గుడ్డపీలికను చిన్న మూటగా చుట్టి ముడివేసిన చీకుడుగుడ్డ. 500 సంవత్సరముల క్రిందట యూరపులో ఏడ్చు బిడ్డను ఊరడించుటకు తల్లులు వాడిన సాధనమదియే. మన బజారులో నేడు దొరకు రబ్బరుపీకకు అది తాతవంటిది.

ఆ మూటలో ఏముండెడిది? రొట్టెముక్క, పంచదార, ఒక్కొక్కప్పుడు తేనె. జర్మనీ, ఆస్ట్రియా పల్లెలలో గసగసాలు కూడ పెట్టెడివారు. మూటను సారాయిలో ముంచుటయు కలదు. బిడ్డ ఊరకుండుటలో ఆశ్చర్యమేమున్నది! ఇంగ్లండులో గాడ్‌ఫ్రే కార్డియల్ అను నల్లమందు కలిపిన ద్రావకమును, అమెరికాలో 1849 నుండి మిసెస్ విన్‌స్లో సిరపు అను మార్ఫిను మందును శిశువులకు పట్టించిరి. బొంబాయి మిల్లులలో పనిచేయు స్త్రీలు పనికి పోవునపుడు బిడ్డలకు ‘బాలగోలీ’ అను నల్లమందు మాత్ర వేసెడివారు. ఈ మత్తులో పడి మరల కన్ను తెరవని బిడ్డలు ఎందరో. అమెరికా వైద్యసంఘము 1911లో ఇట్టి మందులను శిశుహంతకులుగా ఎంచి బయటపెట్టెను. వీటితో పోల్చి చూచినచో, లోపల ఏమియు లేని ఉత్త రబ్బరుపీక ఎంతో సాధువైన వస్తువు. తరువాతి కాలమున పీకను దూషించినవారు ఈ సంగతిని అంతగా తలపోయలేదు.

మన తెలుగువారు పాలు రాని ఈ పీకను ‘తేనెపీక’ అందురు. పేరులోనున్న తేనె విషయమున ఒక హెచ్చరిక చేయక తప్పదు. క్లాస్ట్రీడియం బొట్యులైనం అను సూక్ష్మజీవి యొక్క బీజములు కొన్ని తేనెలలో ఉండును. పెద్దవారి ప్రేగులలో అవి మొలకెత్తలేవు. ఏడాదిలోపు బిడ్డ ప్రేగులలో వాటిని అణచు ఇతర సూక్ష్మజీవుల కాపురము ఇంకను స్థిరపడి యుండదు గనుక, అవి అక్కడ పెరిగి విషమును పుట్టించి కండరములను పడవేయును. ఈ జబ్బును 1976లో కాలిఫోర్నియాలో మొదట గుర్తించిరి. 2018లో టెక్సాసు రాష్ట్రమున నలుగురు శిశువులకు ఇదే జబ్బు వచ్చినది. నలుగురును తేనె నింపిన పీకలను చీకినవారే. కాబట్టి తేనెపీక పేరులో తేనె ఉండవచ్చును గాని, ఏడాది నిండనిదే బిడ్డ నోట తేనె పడరాదు.

ఇంతకును శిశువునకు ఈ చీకుడు ఏల? ఆకలి మాత్రమే కారణమనుకొనుట పొరపాటు. గర్భములో నుండగనే పిండము బొటనవ్రేలు నోట పెట్టుకొనును. పుట్టిన తరువాత బిడ్డ రెండు విధములుగా చీకుచుండుట 1968లో పీటర్ వుల్ఫ్ అను పరిశోధకుడు కొలిచి చూపెను. పాలు త్రాగునపుడు సుమారు సెకనుకు ఒక్కసారి చొప్పున, నిలకడగా చీకును. పాలు రాని పీకను ఇచ్చినపుడు సెకనుకు సుమారు 2 సార్లు చీకును. కొన్ని చీకుళ్ళు, కొంత విరామము, మరల కొన్ని చీకుళ్ళు. రెండును ఒకే నోరు చేయు పనులే, కాని లయ వేరు. ఈ రెండవ లయ ఆకలిని తీర్చదు, మనస్సును నెమ్మదింప జేయును. నెలలు నిండక పుట్టి, గొట్టము ద్వారా పాలు పట్టించుకొను బిడ్డలకు ఆ సమయములో పీకను ఇచ్చినచో మేలు కలుగుచున్నదని 1979లో అమెరికాలో జరిగిన పరిశోధన తెల్పినది.

నేటి పీక పుట్టుటకు రబ్బరు కావలసివచ్చినది. పచ్చిరబ్బరు ఎండకు జిగటగా కరగును, చలికి పెళుసై విరుగును. దానిని గంధకముతో కలిపి కాచిన ఈ రెండు దోషములు పోవునని చార్లెస్ గుడ్‌యియర్ కనుగొని 1844లో అమెరికాలో పేటెంటు పొందెను. మరుసటి సంవత్సరమే, 1845లో, ఎలైజా ప్రాట్ పాలసీసాకు రబ్బరుపీక చేసి పేటెంటు తీసికొనెను. ఉత్తపీక మరికొంత ఆలస్యముగా వచ్చినది. 1900 సెప్టెంబరులో క్రిస్టియన్ మైనెకి అను నతడు ‘బేబీ కంఫర్టర్’ అను పేరుతో దాని ఆకృతికి అమెరికా పేటెంటు పొందెను. చీకుటకు రబ్బరు మొన, మ్రింగకుండ అడ్డుబిళ్ళ, పట్టుకొనుటకు ఉంగరము. నేటికిని పీకలో ఉన్న భాగములు ఈ మూడే.

పీక పుట్టిన కాలము మాత్రము మంచిది కాదు. 1900 ప్రాంతమున ఇంగ్లండులో పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 150 మంది ఏడాది నిండకుండ మరణించుచుండిరి. వేసవి వచ్చినదనిన విరేచనములతో బిడ్డలు రాలిపోయెడివారు. పాస్టరు, కాక్ మున్నగువారి కృషివలన సూక్ష్మజీవుల సంగతి అప్పటికే వైద్యులకు బాగుగ తెలిసినది. నేలపై పడి, దుమ్ము అంటి, ఈగలు వ్రాలి, పాపడి అక్క తన పావడాకు తుడిచి మరల వాని నోట దోపిన పీకను చూచి వైద్యుడు మండిపడుట సహజమే. పొడుగు గొట్టము గల పాలసీసాలు కడుగుటకు వీలులేనివై బిడ్డలను చంపుచున్నవని ఫ్రాన్సు దేశము 1910లో వాటి అమ్మకమునే శాసనముచే నిషేధించెను. పీకపై పడిన కోపము కూడ ఇట్టిదే.

ఈ కోపమునకు ప్రధానపురోహితుడు న్యూజీలండు వైద్యుడు ట్రూబీ కింగ్. 1907లో అతడు స్థాపించిన ప్లంకెట్ సంఘము దాదులను ఇంటింటికి పంపి తల్లులకు శిశుపోషణ నేర్పినది. గడియారము ప్రకారము నాలుగు గంటల కొకసారి పాలు, స్వచ్ఛమైన గాలి, ఎక్కువగా ఎత్తుకొనరాదు, పీక అసలే కూడదు. అది మురికిది, దవడను వికారము చేయునది, చెడు అలవాటుకు నాంది అని అతని వాదము. అతని పుస్తకములు బ్రిటిషు సామ్రాజ్యమంతట వ్యాపించినవి. అతడు మూర్ఖుడు కాడు. స్వచ్ఛమైన పాలు, తల్లిపాలు అని అతడు పట్టిన పట్టు బిడ్డలకు ఎంతో మేలు చేసినది. కాని మురికి పీకపై రావలసిన తీర్పు అతని చేతిలో చీకుడు అను స్వభావముపై తీర్పుగా మారినది. ఇచటనే పొరపాటు జరిగినదని నా అభిప్రాయము.

అమెరికా ప్రభుత్వపు శిశుసంక్షేమ శాఖ 1914లో తల్లుల కొరకు ‘ఇన్‌ఫెంట్ కేర్’ అను చిన్న పుస్తకమును ప్రకటించెను. అందులోను ఇదే ధోరణి. పీకను తీసివేయవలెను, వ్రేలు చీకు బిడ్డ నోటినుండి వ్రేలిని ఎన్నిసార్లయినను విడువక తొలగింపవలెను, అవసరమైనచో చొక్కా చేతిని వ్రేళ్ళు కప్పునట్లు పిన్నుతో బిగింపవలెను. ఇదే పుస్తకము 1940 తరువాతి ముద్రణలకు వచ్చుసరికి మెత్తబడినది. బిడ్డ తన శరీరమును పరిశీలించుకొను అమాయకుడని, దిగులుపడ నక్కరలేదని చెప్పసాగినది. 1914 నుండి వచ్చిన ముద్రణలను వరుసగా పేర్చి ఈ మార్పును బయటపెట్టినది మార్తా వుల్ఫెన్‌స్టైన్ అను విదుషీమణి. ఈ నడుమ శిశువులు మారలేదు; చెప్పువారు మారిరి.

చెప్పువారి మనస్సు మారుటకు పరిశోధనలు కొంత కారణము. అమెరికను మనోవైద్యుడు డేవిడ్ లెవీ 1934లో కుక్కపిల్లలపై చేసిన ప్రయోగము తరగతిలో చెప్పదగినది. ఒకే ఈతలోని పిల్లలలో కొన్నిటికి పెద్ద రంధ్రము గల పీకతో పాలు పట్టించెను. క్షణములో కడుపు నిండెను. కొన్నిటికి సన్నని రంధ్రము. అవి చాలసేపు చీకవలసివచ్చెను. కడుపు నిండుటలో భేదము లేకున్నను, త్వరగా త్రాగిన పిల్లలు తరువాత ఒకదాని నొకటి, దొరికిన వస్తువులను ఎక్కువగా చీకుచుండెను. చీకుడుకు తనదైన అక్కర ఒకటి కలదని లెవీ తలచెను. దీనికి ఎదురుమాట 1950లో వచ్చినది. రాబర్టు సియర్స్, జార్జి వైజ్ అను వారు 80 మంది బిడ్డలను పరిశీలించి, ఎంత ఆలస్యముగా పాలు మాన్పించిరో అంత ఎక్కువగా బిడ్డ బాధపడుట గమనించిరి. అనగా చీకుకొలది చీకుడు అలవాటై బలపడును. లెవీ, సియర్సుల మాటలు ఒకదానినొకటి కొట్టివేయునవి కావు. పుట్టిన కొత్తలో అది అక్కర. రెండేండ్లు గడచునప్పటికి చాలవరకు అలవాటు. మాన్పించుటకు ఎప్పుడు పూనుకొనవలెనను ప్రశ్న అంతయు ఈ మార్పు చుట్టునే తిరుగుచున్నది.

పండ్ల విషయములో ట్రూబీ కింగ్ మాటలో నిజమున్నది. నమలునపుడు పండ్లపై పడు బలము చాల ఎక్కువ, కాని అది క్షణకాలము. పీక, నాలుక, బుగ్గ చూపు బలము స్వల్పము, కాని గంటల తరబడి ఉండును. పండు ఎముకలో మేకువలె బిగిసిలేదు. దానిచుట్టు జీవముగల పొర ఉన్నది. విడువక పనిచేయు చిన్న ఒత్తిడికి ఆ పొర, ఎముక సర్దుకొని పండు జరుగును. పీక మొన ముందుపండ్ల నడుమ నిలిచి వాటిని కలియనీయదు; నోరు మూసినను ముందు సందు మిగులును. నాలుక క్రిందికి నెట్టబడుటచే పైదవడకు లోపలినుండి ఆసరా తగ్గును, బుగ్గలు బయటనుండి ఒత్తుచునే యుండును. పైదవడ ఇరుకై, పై దౌడపండ్లు క్రింది వాటికి లోపలగా దిగును. ముందు సందు అలవాటు మానిన పిమ్మట తరచుగా దానంతట అదే పూడును. పైదవడ ఇరుకు మాత్రము అంత సులభముగా సరికాదు. వారెన్, బిషారా అను దంతవైద్యులు 2002లో ప్రకటించిన పరిశీలనలో 48 నెలలు దాటి చీకిన పిల్లలలో ఈ మార్పులు అన్నిటికంటె ఎక్కువగా కనబడినవి. అంతకు ముందు మానినవారిలోను కొన్ని కనబడినవి. మూడేండ్లలోపు మాన్పింపుడని దంతవైద్యులు చెప్పుట ఇందువలననే. జర్మనీలో బాల్టర్స్, మ్యూలర్ అను దంతవైద్యులు 1949లో దవడకు అనువుగా పలకబారిన పీకను రూపొందించిరి. అట్టి పీకయైనను కాలపరిమితి లేకుండ వాడదగినది కాదు.

అన్నిటికంటె విచిత్రమైన మలుపు న్యూజీలండులోనే జరిగినది. ఆరోగ్యముగా నిద్రించిన శిశువు కారణము తెలియకుండ ఉయ్యాలలోనే మరణించుటపై ఆ దేశమున పెద్ద పరిశోధన జరిగెను. పీకతో నిద్రించిన బిడ్డలలో ఇట్టి మరణములు తక్కువగా ఉన్నట్లు 1993లో వెల్లడి యైనది. ట్రూబీ కింగ్ మరణించి అప్పటికి 55 సంవత్సరములు. తరువాత ఇతర దేశములలోను ఇదే ఫలితము రాగా, అమెరికా శిశువైద్యుల సంఘము 2005లో నిద్రవేళ పీకను ఇయ్యవచ్చునని సలహా ఇచ్చెను. తల్లిపాలు త్రాగు బిడ్డకు ఆ అలవాటు కుదిరిన పిదపనే ఇయ్యవలెను. నిద్రలో జారిపడిన మరల పెట్టరాదు. ఇది ఎట్లు కాపాడుచున్నదో ఇంకను తేలలేదు. మరియొక వైపు, 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ప్రకటించిన పది సూత్రములలో తొమ్మిదవది తల్లిపాలు త్రాగు బిడ్డలకు పీకలు వద్దని చెప్పెను. 2018లో ఆ సూత్రమును సడలించి, లాభనష్టములు తల్లికి వివరింపుడని మార్చిరి.

నడిమిచెవి జబ్బు సంగతి కూడ ఉన్నది. ఫిన్‌లండులో 2000లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఆరు నెలలు దాటిన బిడ్డలకు పీకను నిద్రపట్టు సమయమునకే పరిమితము చేయుడని తల్లిదండ్రులకు నచ్చజెప్పగా, ఆ బిడ్డలలో చెవిపోటు 29 శాతము తక్కువగా వచ్చినది. ఒక్క సలహా మాటకు ఇంత ఫలితము!

ఈ లెక్కలన్నిటిని కలిపి చూచిన, మొదటి ఆరు నెలలలో పీకవలన మేలు ఎక్కువ, రెండేండ్లు దాటిన పిమ్మట కీడు ఎక్కువ. మాన్పించుట ఎట్లు? మన యిండ్లలో పాలు మాన్పించుటకు వేపాకు నూరి పూయుట, ముసాంబరము రాయుట పాతకాలపు పద్ధతి. దానినే పీకకును వర్తింపజేయువారున్నారు. పీక మొనను కత్తిరించుటయు చూచుచున్నాము. ఇది ప్రమాదకరము, తెగిన ముక్క ఊడి గొంతున అడ్డుపడును. చేదు పూయుటవలన బిడ్డ పీకను మానిన మానవచ్చును గాని, నిద్రపట్టించుకొను మార్గము మరియొకటి వానికి దొరకదు; తరచుగా వ్రేలు నోటికి పోవును. పీకను దాచవచ్చును, వ్రేలిని దాచలేము. మొదట పగలు తీసివేసి నిద్రవేళకే ఉంచుట, తరువాత నిద్రపట్టగనే మెల్లగా తీయుట, దానికి బదులు కథయో, జోలపాటయో, ఒక మెత్తని గుడ్డబొమ్మయో ఇచ్చుట తేలికైన దారి. ఇంట మరియొక బిడ్డ పుట్టిన నెలలో, జ్వరము వచ్చిన వారములో, ఊరు మారిన దినములలో దీనికి పూనుకొనరాదు. ‘పెద్దవాడవై ఇదేమి సిగ్గు’ అని చుట్టములముందు వెక్కిరించినచో వాడు మరింత గట్టిగా చీకును; బెంగపడిన బిడ్డకు తెలిసిన ఊరట అదియే కదా. మూడు నాలుగు రాత్రులు ఏడ్పు తప్పకపోవచ్చును. ఏ పద్ధతి అన్నిటికంటె మంచిదో తేల్చు గట్టి పరిశోధనలు తక్కువ. 2015లో ప్రపంచమంతట వెదకి కూర్చిన సమీక్షకు దొరికినవి ఆరు ప్రయోగములు, వాటిలో చేరిన బిడ్డలు 252 మంది మాత్రమే.

డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనులో ఫ్రెడరిక్స్‌బర్గ్ అను తోట కలదు. అందులో పీకల చెట్టు ఒకటి ఉన్నది. పీక మానదలచిన పాపడు తల్లిదండ్రులతో అక్కడకు పోయి, తన పీకను రంగుల రిబ్బనుతో తానే కొమ్మకు కట్టును. చెట్టుకు వ్రాసిన ఉత్తరము కూడ కొందరు కట్టుదురు. పీక పోలేదు, దొంగిలింపబడలేదు; చెట్టు దగ్గర ఉన్నది. కావలసినచో మరియొక రోజు పోయి చూచి రావచ్చును.